ఎడమ పక్క క్లీనర్‌ది

"ఈ మట్టిలో ఇనుము ఎంత శాతం ఉంటుందో ఇక్కడ ఎవరికైనా తెలుసా?"

టెన్నిస్ కోర్టు అంచున మోకాళ్ల మీద కూర్చుని, నాలుగేళ్ల కూతురి నోట్లోంచి ఎర్రటి వేలిని బయటికి లాగుతూ హారతి అడిగిన ప్రశ్న అది. ప్రత్యేకంగా ఎవరినీ ఉద్దేశించి అడగలేదు. ఆ పొద్దున కోర్టు దగ్గర నలుగురైదుగురు పెద్దవాళ్లు బూట్ల తాళ్లు బిగించుకుంటూ ఉన్నారు. ఇనుము శాతాల గురించి వాళ్లెవరూ ఎన్నడూ ఆలోచించి ఉండరు. బళ్లారిలో పుట్టినవాళ్లు ఎర్ర దుమ్మును పట్టించుకోరు. తెల్ల చొక్కా కొనేటప్పుడు మాత్రం ఒకసారి తలుచుకుంటారు, అంతే.

"నాకు తెల్సమ్మా," అన్నాడు వాళ్లలో భారీగా ఉన్న ఒక పెద్దాయన. "ఆ మట్టి తోలింది నేనే. అది గనుల మట్టి కాదు, మా బామ్మర్ది గుట్టది. నా కొడుకులిద్దరూ చిన్నప్పుడు అదే మన్ను తిన్యారు."

"వాళ్లకేమీ కాలేదా?"

పెద్దాయన కాసేపు నిజాయితీగా ఆలోచించాడు. "ఒగనికి బట్టతల వచ్చింది. అది మన్ను వల్లనేనా అంటే నేను చెప్పలేను."

ఆయన పేరు ఇంద్రసేన. అరవై ఆరేళ్ల మనిషి, లారీల ఆసామి. ఆ రోజు నుంచి హారతి ఆయన్ని పెదనాయనా అని పిలవడం మొదలుపెట్టింది. పాప జుట్టును మాత్రం వారం రోజులు పొద్దునా సాయంత్రం దువ్వెనతో పరీక్షించింది.

హారతి కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. అత్తవారిల్లు సత్యనారాయణపేటలో. చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ జట్టుకు టెన్నిస్ ఆడింది. కూతురు రక్షిత పుట్టాక రాకెట్ మూలన పడింది, ఈ మధ్యే మళ్లీ బయటికి తీసింది. కోర్టుకు వచ్చి ఆడేది తక్కువ, కూతురిని కాపలా కాసేది ఎక్కువ. ఆమె సంచిలో బంతులు రెండుంటే మందులు పది రకాలుండేవి. రక్షిత ఏదైనా మెట్టు ఎక్కిందంటే చాలు, ఆ ఎత్తు నుంచి జారితే ఎంత వేగంతో నేలను తాకుతుందో తల్లి మనసులో లెక్క తేలిపోయేది. మామూలు తల్లులు ఊరికే భయపడతారు. ఫిజిక్స్ చదివిన తల్లికి ఆ భయం సెకనుకు ఎన్ని మీటర్లో కూడా తెలిసిపోతుంది.

ఇంద్రసేనది హగరి ఏటి పక్కన నల్లరేగడి భూములున్న కుటుంబం. మిరప, పత్తి పండించేవాళ్లు. వయసులో ఉండగా ఈయన పొలం పని అన్నకు వదిలేసి, పాత లారీ ఒకటి కొన్నాడు. మన ఇంట్లో ఇంకొకరి సరుకు మోసినవాడు లేడని తండ్రి ఒక కారు పంట కాలం పాటు మాట్లాడలేదు. ఇంద్రసేన ఏమీ అనుకోలేదు. స్టీరింగ్ తానే పట్టి రాత్రీ పగలూ తోలాడు. తర్వాత ఖనిజం గిరాకీ వచ్చింది. ఒక లారీ పిల్లలు పెట్టినట్టు ఆరయింది. ఇంకొన్నేళ్లకు గనులు ఆగిపోయి, ఆరింట్లో నాలుగు అమ్ముడుపోయాయి. ఇప్పుడు మిగిలినవాటిని కొడుకులు చూసుకుంటున్నారు. నాన్నను రెస్ట్ తీసుకోమన్నారు. రెస్ట్ అంటే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

టెన్నిస్ ఆయన జీవితంలోకి మట్టి ద్వారానే వచ్చింది. కోర్టు బాగు చేయడానికి ఎర్రమట్టి కావాలని క్లబ్బువాళ్లంటే ఆయన లారీలోనే తోలించాడు. మొదటి లోడుతో తానే వచ్చి, ఎక్కడ పోయాలో, ఎంత మందం పరవాలో చెప్పి, నీళ్లు చల్లించి, రాతి రోలర్ తిప్పించాడు. మర్నాడు తన మట్టి ఎలా ఉందో చూద్దామని వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఆటకు ఒక మనిషి తక్కువైన రోజున శరణప్ప అనే రిటైర్డ్ బ్యాంకు క్యాషియర్ ఆయన చేతిలో రాకెట్ పెట్టాడు. అప్పటినుంచి ఆ కోర్టు ఇంద్రసేనకు సొంత చేనుతో సమానం. ఎవరైనా బూటు మడమతో నేల గీరితే "ఏందప్పా, విత్తనం వేస్తావా?" అని అడిగేవాడు.

ఆట కూడా బాగానే ఆడేవాడు, సగం కోర్టు వరకు. కుడి పక్కకొచ్చిన బంతిని కొడితే అవతలివాడు పక్కకు తప్పుకోవాల్సిందే. ఎడమ పక్కకొచ్చిందంటే మాత్రం ఆయన బంతి వైపు చూడను కూడా చూడడు. "శరణా!" అని ఒక కేక. సన్నగా రివటలా ఉండే శరణప్ప ఎక్కడున్నా అక్కణ్నుంచి పరిగెత్తుకుంటూ రావాలి. శరణప్ప దూరంగా ఉన్న రోజుల్లో ఇంద్రసేన తానే బంతి చుట్టూ తిరిగి, దాన్ని కుడి పక్కకు తెచ్చుకుని కొట్టేవాడు. లారీని ఇరుకు సందులో తిప్పినట్టుండేది ఆ తిరగడం. ఎండాకాలంలో ఒకనాడు అలా తిరుగుతూ తిరుగుతూ కంచె పక్కనున్న రోలర్‌కు కాలు తగిలి బోర్లా పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది.

ఆయన భార్య రామసుబ్బమ్మ మోకాలికి పసుపు పెట్టి, కొడుకులూ కోడళ్లూ వింటుండగా తీర్పు చెప్పింది. "ఇంకొక్క తూరి పడినావంటే ఆ బ్యాటు అటక మీదికి పోతాది. మళ్లా దిగదు."

రామసుబ్బమ్మ అటక మీదికి పంపిన వస్తువు దిగడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

మర్నాడు ఇంద్రసేన కుంటుకుంటూ వచ్చి హారతి పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

"అమ్మా, నువ్వు కాలేజీలో పాఠం చెప్తావంట గదా. నాకు గూడా ఒగటి చెప్పు."

"ఏ పాఠం పెదనాయనా?"

"ఎడం పక్క కొట్టేది. చుట్టూ తిరక్కుండా, పడకుండా."

"బ్యాక్‌హ్యాండ్ స్లైసా? మీ వయసుకు అదే మంచిది, బలం అక్కర్లేదు. కానీ..." హారతి ఆగింది. అరవై దాటాక తుంటి ఎముక విరిగితే ఏమవుతుందో ఆమె ఎక్కడో చదివింది. చదివినదంతా చెప్పింది. ఆ చెప్పడం కొంచెం ఎక్కువసేపే సాగింది. "ఆట మానేస్తే మాత్రం ఏమైంది? వాకింగ్ చేయొచ్చు కదా."

"వాకింగ్ యాడికి పోవల్ల?"

"ఎక్కడికీ కాదు. ఊరికే నడవడమే."

"చూడు మళ్ల," అన్నాడు ఇంద్రసేన. "ముప్పై ఏండ్లు తెల్లారకముందే నా ఫోన్ మోగుతాండె. 'లోడ్ ఉండాది, బండి పంపప్పా' అని. ఇప్పుడు ఫోన్లన్నీ కొడుకులకు పోతాండాయి. నాకు చేసేది ఈ శరణప్ప ఒగడే. 'కోర్టు తడిపినారు, రా' అంటాడు. ఆ ఒగ్గ ఫోను గూడా ఆగిపోతే నేను ఎందుకోసరం లేయల్లమ్మా పొద్దున?"

హారతి బెంచీ మీంచి లేచింది. రాకెట్ అందుకుంది.

మొదటి పాఠం నేల మీద జరిగింది. రాకెట్ పిడితో మట్టిలో ఒక గుండ్రం గీసి, దానికి బాణాలు వేసింది హారతి. రాకెట్ పైనుంచి కిందికి రావాలి, ముఖం కొంచెం ఆకాశం వైపు తెరుచుకుని ఉండాలి, అప్పుడు బంతి వెనక్కి తిరుగుతూ ముందుకు పోతుంది, దాని పైనా కిందా గాలి వేగంలో తేడా వస్తుంది, అందుకే తేలుతూ వెళ్లి, నేల తాకాక పైకి లేవకుండా జారిపోతుంది అని చెప్పింది. ఇంద్రసేన చేతులు కట్టుకుని, ఆర్టీఓ ముందు నిలబడినంత వినయంగా విన్నాడు.

"అర్థమైందా పెదనాయనా?"

"నువ్వు బాగ చెప్తాండావమ్మా. నాకు అర్థం కాకపోతే అది నీ తప్పు కాదు."

"సగమైనా అర్థమైందా?"

"గుండ్రం అర్థమైంది. అది బంతి గదా?"

బొమ్మ పూర్తయిందో లేదో రక్షిత వచ్చి దాని మీద కూర్చుంది. అంతటితో ఆ పాఠం ముగిసింది.

రెండో పాఠంలో హారతి నెట్ అవతల నిలబడి, చేత్తోనే బంతులు మెల్లగా ఆయన ఎడమ పక్కకు విసిరింది. ఒకటి పోయింది. రెండోదీ పోయింది. ఇంద్రసేన కదల్లేదు. మూడోది ఆయన మోచేతిని రాసుకుంటూ పోయింది. ఆయన తల కూడా అటు తిప్పలేదు.

హారతి చేతిలోని బంతి వదిలేసింది. ఎడమ పక్క చూపు పోయిందా? కంటి నరమా, మెదడులో ఏదైనా గడ్డకట్టిందా? నెట్ దాటి పరుగున వచ్చి, ఆయన్ని ముక్కు మీద దృష్టి పెట్టమని, తన చేతిని పక్కగా చాపి వేళ్లు ఆడించింది.

"ఎన్ని వేళ్లు?"

"రెండు."

"ఇప్పుడు?"

"మూడు. ఉంగరం ఉండాది. ఉంగరంలో రాయి ఎర్రది. గోరు ఇరిగింది."

"మరి బంతి కనబడలేదా?"

"యాల కనబడదు? బాగా కనబడె."

"కనబడితే ఎందుకు కొట్టలేదు?"

ఇంద్రసేన మొహంలో నిజంగానే ఆశ్చర్యం కనిపించింది. ఆ ప్రశ్న ఆయన్ని అంతవరకు ఎవరూ అడగలేదు, తనూ ఎన్నడూ వేసుకోలేదు. గడ్డం గోక్కుని, చివరకు తప్పు ఒప్పుకునేవాడిలా అన్నాడు. "ఎడం పక్క క్లీనర్‌ది గదమ్మా."

లారీలో డ్రైవర్ కుడి పక్కన కూర్చుంటాడు. ఎడమ పక్క గుంత ఉందా, సైకిలువాడు ఉన్నాడా, బర్రె అడ్డమొచ్చిందా అని చూసేది క్లీనర్. వాడు ఎడమ తలుపులోంచి సగం బయటికి వేలాడుతూ, బండి రేకు మీద అరచేత్తో ఒకసారి కొడితే ఆగాలి, రెండుసార్లు కొడితే పోవాలి. వెనక్కి తీసేటప్పుడు వెనక నిలబడి "రానీ, రానీ" అంటుంటాడు. డ్రైవర్ తల తిప్పడు.

"డ్రైవరే ఎడం పక్క గూడా చూసుకుంటే క్లీనర్‌కు మర్యాద ఏముండాది?" అన్నాడు ఇంద్రసేన.

బెంచీ మీద కూర్చుని ఇదంతా వింటున్న శరణప్ప మెల్లగా లేచి నిలబడ్డాడు. కోపమొస్తే ఆయన మాటలో కన్నడం దొర్లుతుంది. "ఏనప్పా ఇంద్రసేనా! అంటే ఇన్ని సంవత్సరాల నుంచి నేను నీకు పార్ట్‌నర్ కాదా? బ్యాంకులో మేనేజర్లే నన్ను సార్ అంటుండె. నన్ను క్లీనర్ మాడిబిట్టెయల్లప్పా, క్లీనర్‌ని చేసేస్తివి గదా!"

"మంచి క్లీనర్‌వి శరణా. ఒగ్గదినం గూడా సెలవు పెట్టలే."

"జీతం ఎల్లి, ఎక్కడ మరి?"

"కాఫీ తాగిస్తాండా గదప్పా రోజూ!"

ఆ గొడవ తీరేదాకా పాఠం సాగలేదు. కానీ హారతికి తాళం చెవి దొరికింది. బాణాలు గీయడం మానేసింది. బంతులు వేసే పని శరణప్పకు అప్పగించి, తాను ఇంద్రసేన వెనక, ఎడమ పక్కన నిలబడింది. బంతి ఎడమ పక్కకు వస్తుంటే "రానీ, రానీ" అనేది. ఆయన పెద్ద ఒళ్లు దానంతట అదే వెనక్కి కదిలేది. చేరాల్సిన చోటికి చేరగానే అక్కడున్న కంచె ఇనప స్తంభం మీద అరచేత్తో ఒక్క దెబ్బ. టక్కున ఆగేవాడు.

"ఇప్పుడు భుజం తిప్పండి. కుడి కాలు ముందుకు. ఎడమ చేయి రాకెట్ మెడ మీద ఉండనీయండి."

"గేర్ మాదిరి."

"గేర్ మాదిరే. కొట్టేటప్పుడు ఆ చేయి వదిలేసి వెనక్కి పోనీయండి. రాకెట్ ముందుకు, చేయి వెనక్కి."

"రెండు చేతులు రెండు పక్కలకు పోతే బండి యాడికి పోతాది?"

"మీరు పడకుండా నిలబడతారు."

పడకుండా అన్న మాట ఆయనకు నచ్చింది. కొట్టాడు. మొదటిది నెట్‌లోకి, రెండోది కంచె మీదుగా రోడ్డు మీదికి వెళ్లాయి. రోడ్డు మీద పడిన బంతిని ఒక ఆటోవాడు ఆగి, తిట్టి, మళ్లీ లోపలికి విసిరాడు. ఆ తర్వాత ఒక బంతి మాత్రం రాకెట్ మీద ఎక్కువసేపు ఉన్నట్టు అనిపించి, నెట్ మీద ఒక మూర ఎత్తున తేలుతూ వెళ్లి, అవతల నేలకు తాకి, లేవడం మరిచిపోయినట్టు జారిపోయింది.

ఇంద్రసేన రాకెట్ వైపు చూశాడు. "నేనేనా కొట్టింది?"

"మీరే!"

"ఏదబ్బా, ఇంగొగటి వెయ్ శరణా!"

చిక్కల్లా హారతి నోటితోనే. రానీ, రానీ అంటూనే మధ్యలో ఆమెలోని తల్లి బయటికొచ్చేది. "జాగ్రత్త, వెనక రోలర్! తగిలితే పడతారు!" అని కేక పెట్టేది. ఆ కేక వినబడిందంటే ఇంద్రసేన ఉన్నచోటే ఆగిపోయి కాళ్లకేసి చూసుకునేవాడు. బంతి దాని దారిన అది పోయేది. అదే సమయానికి రక్షిత ఏ బెంచీయో ఎక్కితే అటు తిరిగి మరో కేక. ఒక్కోసారి ఆ కేక ఎవరి కోసమో తెలియక పాపా పెద్దాయనా ఇద్దరూ కొయ్యబారిపోయి ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు.

క్లబ్బులో నెలకోసారి ఆదివారం పెద్దవాళ్ల డబుల్స్ పోటీ ఉంటుంది. ఈ నెల ఇంద్రసేనకూ శరణప్పకూ ఎదురుపడింది పళ్ల డాక్టరు దేవరాజ్, పెట్రోల్ బంకు మాణిక్యం. ఇద్దరూ మంచివాళ్లే. ఇంద్రసేన ఎడమ పక్కకు బంతి వేస్తే పాయింటు ఊరికే వస్తుందని వాళ్లకే కాదు, క్లబ్బు కాఫీ కుర్రాడికి కూడా తెలుసు.

ఆ ఆదివారం రామసుబ్బమ్మ వచ్చింది. అంతకు ముందు ఆమె ఎన్నడూ రాలేదు. పెద్ద డబ్బా నిండా బొరుగుల ఉగ్గాని చేసుకొచ్చి, ప్లాస్టిక్ కుర్చీ కోర్టు మధ్యగీతకు ఎదురుగా వేయించుకుని కూర్చుంది. డబ్బా మూత తీయలేదు. ఆమె చూడడానికి వచ్చింది ఆటను కాదని అందరికీ తెలుసు. మొగుడు నేల మీద పడతాడా లేదా, అంతే ఆమెకు కావలసింది.

"ఏమ్మా, ఈయనకు పాఠం చెప్పేది నువ్వేనంట," అంది హారతితో. "పెండ్లైన కాణ్నుంచి నేను చెప్తాండా. ఒగటీ ఎక్కలే."

ఆట బాగానే మొదలైంది. ఎడమ పక్కకొచ్చిన రెండు బంతులను ఇంద్రసేన స్లైస్ చేసి పంపితే దేవరాజ్ నోరు తెరిచాడు. పళ్ల డాక్టరు నోరు తెరవడం చూడడానికి ఇంతకాలం పట్టిందన్నాడు శరణప్ప. అంతలోనే ఒక వింత జరిగింది. దేవరాజ్ సర్వీసు వేస్తుండగా ఇంద్రసేన ఏ కారణమూ లేకుండా నెట్ మీదికి దూసుకుపోయాడు. బంతి ఆయన తల మీదుగా వెళ్లి వెనక పడింది. కాసేపటికి మళ్లీ అలాగే దూసుకుపోయాడు.

"యాడికప్పా పోతాండావు?" అని రామసుబ్బమ్మ కుర్చీలోంచి అడిగింది.

"పోనీ అన్యారు గదా, అందుకే పోయినా!"

"ఎవరన్యారు?"

ఎవరన్నారో హారతి కనిపెట్టింది. కోర్టు అప్పుడే తడిపి ఉంది. బూట్ల కింద ఎర్రమట్టి అంటుకుంటోంది. ఏ దుమ్మూ సహించలేని శరణప్ప పాయింటు పాయింటుకీ రాకెట్ అంచుతో బూటు మీద టక్, టక్ అని రెండు దెబ్బలు వేసి మట్టి రాల్చుకుంటున్నాడు. రెండు దెబ్బలంటే బండి పోవాలి. బండి పోతోంది.

"సార్, మీరు బూటును ఊరికే విదిలించండి, కొట్టకండి," అని హారతి కంచె పక్కనుంచి బతిమాలింది.

"నా బూటు నేను దులుపుకునేదానికి గూడా పర్మిషన్ బేకా?" అన్నాడు శరణప్ప. అయినా ఆ తర్వాత ఒంటికాలి మీద నిలబడి, కొంగలా కాలు విదిలించడం మొదలుపెట్టాడు.

చివరికొచ్చేసరికి పరిస్థితి ఇలా ఉంది. ఇంకొక్క పాయింటు పోతే మ్యాచ్ పోయినట్టే. శరణప్ప నెట్ దగ్గరున్నాడు. మాణిక్యం బంతిని ఎత్తుగా లేపాడు. అది ఇంద్రసేన ఎడమ భుజం మీదుగా, దూరంగా, వెనక కంచె దిక్కుగా పోతోంది. అదే దిక్కున రోలర్ ఉంది.

ఇంద్రసేన ఒక అర క్షణం తికమకపడ్డాడు. కాళ్లు పాత అలవాటు ప్రకారం కుడికి తిరగబోయాయి, బంతి చుట్టూ చుట్టి రావడానికి. ఎండాకాలంలోనూ అలా తిరిగినప్పుడే పడ్డాడు. రామసుబ్బమ్మ కుర్చీలోంచి ముందుకు వంగింది.

పాపను చంకనెత్తుకుని కంచె పక్కన నిలబడిన హారతికి పడతారన్న కేక గొంతు దాకా వచ్చింది. రోలర్ కనబడుతోంది, మోకాలు కనబడుతోంది, తుంటి ఎముక కూడా కనబడుతోంది. కానీ ఆయనకూ రోలర్‌కూ మధ్య ముగ్గురు మనుషుల వెడల్పు ఖాళీ ఉండడం కూడా ఆమెకు కనబడింది.

"రానీ!" అని అరిచింది. "జాగా ఉంది పెదనాయనా! ఎడమకు, ఎడమకు, రానీ, ఇంకా రానీ!"

ఇంద్రసేన తల తిప్పకుండా, పాత లోడు బండిలా నింపాదిగా, నిటారుగా వెనక్కి వచ్చాడు. హారతి స్తంభం మీద అరచేత్తో ఒక్కటి కొట్టింది. ఆగాడు. భుజం తిరిగింది. ఈసారి తల కూడా తిరిగింది. ఎడమ పక్కకొస్తున్న బంతిని కళ్లారా చూస్తూ రాకెట్‌ను పైనుంచి కిందికి దించాడు. ఎడమ చేయి వెనక్కి పోయింది.

బంతికి ఏ తొందరా లేదు. తేలుతూ, తేలుతూ నెట్ దాటి దేవరాజ్ ముందు దిగింది. దేవరాజ్ అది నడుము ఎత్తుకు లేస్తుందని రాకెట్ పట్టుకుని ఎదురుచూశాడు. అది మడమ ఎత్తుకు కూడా లేవలేదు. ఆయన రాకెట్ గాలిని బలంగా కొట్టింది.

అందరూ చప్పట్లు కొట్టి ఇటు తిరిగేసరికి, కొట్టిన ఊపుకు ఇంకో నాలుగడుగులు వెనక్కి వెళ్లిన ఇంద్రసేన రోలర్‌కు పిక్కలు తగిలి, దాని మీద కూలబడి ఉన్నాడు. కాళ్లు రెండూ గాల్లో ఉన్నాయి. రాకెట్ ఒళ్లో ఉంది.

అందరూ రామసుబ్బమ్మ వైపు చూశారు. ఇంద్రసేన కూడా, కాళ్లు దించకుండానే, అటే చూశాడు.

రామసుబ్బమ్మ తాపీగా చెంగు సర్దుకుంది.

"పడలే," అంది. "కూచున్యాడు. ఇంట్లో గూడా ఇట్లనే కూచుంటాడు."

మ్యాచ్ మాత్రం ఓడిపోయారు. తర్వాతి పాయింటులో శరణప్ప ఒంటికాలి మీద ఉండగానే సర్వీసు వచ్చింది. కానీ ఎవరు గెలిచారో కాసేపటికి ఎవరికీ గుర్తు లేదు. ఉగ్గాని డబ్బా మూత తెరుచుకుంది. రామసుబ్బమ్మ మొదటి ప్లేటు మొగుడికిస్తూ, "ఈపొద్దు ఈయన ఎడం పక్క చూసినాడబ్బా," అంది అందరూ వినేలా. "పెండ్లిలో నన్ను ఎడం పక్కనే కూచోబెట్టిరి. ఇంతకాలమాయె, ఒగ్గ తూరన్నా చూస్తాడేమో అని నేనూ కాచుకోని ఉండా."

ఇంద్రసేన ఒక కుర్చీ ఎత్తి ఆమెకు కుడి పక్కకు జరుపుకుని కూర్చున్నాడు. ఇప్పుడు ఆమె సరిగ్గా ఆయన ఎడమ పక్కన ఉంది. అటు తిరిగి, పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

"సాకు సాకు, చాల్లే, ఉగ్గాని తిను," అంది రామసుబ్బమ్మ. రాకెట్ అటక ఎక్కదని అందరికీ అర్థమైంది.

ఈ సందడిలో రక్షిత, అంపైర్ కూర్చునే ఎత్తు కుర్చీ నిచ్చెన సగం ఎక్కేసింది. హారతి ప్లేటుతోనే అటు తిరిగింది. నోరు తెరవబోయింది.

"ఒగ్గ నిమిషం అమ్మా," అన్నాడు ఇంద్రసేన. చెయ్యి పట్టుకుని ఆపలేదు, ఊరికే అన్నాడు. "నా కాడ కనకప్ప అని ఒగ క్లీనర్ ఉండె. శానా మంచోడు, కానీ భయస్తుడు. ఎడమ పక్క వేలాడుకుంటా 'గుంతన్నా, గుంత! పోతాది, పోతాది!' అని ఒగటే అరుపు. వాని అరుపు విని నేను గుంత దిక్కే చూస్తాంటి. చూసిన దిక్కుకే బండి పోతాది గదమ్మా. రెండు తూర్లు దించినా గుంతలోకి. నువ్వు ఈపొద్దు నాకు జాగా ఉంది అన్యావు చూడు, ఆ మాటకే నేను వచ్చినా. రోజూ మాదిరి పడతావని అనింటే నా కాళ్లకేసి చూసుకుంటా ఆడనే నిలబడిపోతాంటి."

హారతి నిచ్చెన వైపు చూసింది. పాప మూడో మెట్టు మీద ఒక కాలు గాల్లో పెట్టి, తల్లి నుంచి రావాల్సిన కేక ఇంకా రాలేదేమని ఇటే చూస్తోంది.

"పడేది చెప్పాకు అమ్మా, అది బిడ్డకూ తెల్సు," అన్నాడు ఇంద్రసేన. "కాలు యాడ పెట్టల్లనో అది చెప్పు."

హారతి ప్లేటు కింద పెట్టి నిచ్చెన దగ్గరికి వెళ్లింది. గుండె దాని లెక్కలు అది వేసుకుంటూనే ఉంది. ఎత్తు, వేగం, సెకన్లు ఏవీ ఆగలేదు. ఆమె మాత్రం నోటిని అదుపులో పెట్టుకుని అంది.

"కుడి కాలు కింది మెట్టు మీద పెట్టమ్మా. ఆఁ, అదే. జాగా ఉంది. ఇప్పుడు ఎడమ కాలు. రానీ, రానీ."